పరికరానికి పడక

1808లో తంజావూరు బృహదీశ్వరాలయం మీదికి ఒక పెట్టెను తాళ్ళతో లాగుతున్నారు. అందులో ఉన్నది దక్షిణాదిని సర్వే చేస్తున్న విలియం లాంబ్టన్ దొర గ్రేట్ థియోడలైట్, కోణాలు కొలిచే దుర్భిణీ. లండన్‌లో విలియం కేరీ చేసిన యంత్రం అది. అర టన్ను బరువు, మూడడుగుల వెడల్పు వలయం, ఆ వలయం అంచున కళ్ళు చికిలిస్తే గాని ఆనని గీతలు. తంజావూరు చుట్టూ చదునైన వరిపొలాలు. ఎక్కడా కొండ లేదు. దూరాన ఉన్న గుర్తులు కనిపించాలంటే గుడి విమానం ఎక్కడమే గతి. పెట్టె గోడకి రాసుకోకుండా పక్కకి లాగి పట్టుకున్న తాడు ఉన్నట్టుండి తెగింది. పెట్టె ఊగి రాతిగోడకి కొట్టుకుంది. ఆ దెబ్బంతా వలయాన్ని సన్నగా తిప్పే మర మీద పడింది, ఆ మర వలయాన్నే వంచేసింది. లాంబ్టన్ ఎవరినీ లోపలికి రానీయకుండా డేరాలో కూర్చుని, ఆరు వారాలు కష్టపడి, చీలలతో మరలతో ఆ వలయాన్ని మళ్ళీ గుండ్రానికి లాక్కొచ్చాడు.

సర్వే చరిత్ర రాసినవాళ్ళు ఈ కథని లాంబ్టన్ పట్టుదల చెప్పడానికి వాడుకుంటారు. నేను పెట్టెలు చేసే ఇంట పుట్టాను. నా ధ్యాస పెట్టె మీదికే పోతుంది. అప్పటికే ఆ యంత్రం ఇంగ్లండు నుంచి వస్తూ దారిలో ఫ్రెంచివాళ్ళకి చిక్కింది. మారిషస్‌లో దించారు, విప్పి చూశారు, పెద్దమనసుతో మళ్ళీ సర్ది మద్రాసుకి పంపారు. సముద్రాన్నీ శత్రువునీ తట్టుకున్న యంత్రం ఒక్క గోడదెబ్బకి వంగింది. చెక్క బలం చాలక కాదు. దెబ్బ ఎటు పోవాలో లోపల ఎవరూ దారి వేయలేదు కనక, అది తనకి నచ్చిన దారిన పోయి అన్నిటికన్నా బలహీనమైన చోటు వెతుక్కుంది. రెండు వందల ఏళ్ళు దాటినా, డ్రోను పెట్టెలో ఫోమ్ కోసేటప్పుడు నేను ఆలోచించేది సరిగ్గా ఈ సంగతే.

మా కొట్టు సికింద్రాబాద్ రాణీగంజ్ దగ్గరి సందులో ఉంది. నాన్న టేకు పెట్టెలు చేసేవాడు. నేను ప్లాస్టిక్ పెట్టెల్లోకి ఫోమ్ కోస్తాను. లోపలి అమరికని నాన్న పడక అనేవాడు, నేనూ అంతే అంటాను. పని మారలేదు, సరుకు మారింది. ఆ సరుకు ఎలా మారుతూ వచ్చిందో చెబుదామనే ఈ వ్యాసం.

పడక వేయడం మనకి దొరలు నేర్పిన విద్యేం కాదు. పాత కంసాలుల ఇళ్ళలో త్రాసు పెట్టె చూసే ఉంటారు. ఒక్క చెక్క దిమ్మనే తొలిచి, రెండు చిప్పలకి రెండు గుండ్రటి గుంటలు, కాడకి ఒక సన్నని గాడి, తూనికరాళ్ళకి చిన్న చిన్న గుంటలు. మీద తిరిగే మూత. చిప్పల దారాలు చిక్కుపడకుండా కాడ పక్కనే వాటికి కాస్త చోటు. గురిగింజ ఎత్తు బంగారం తూచే మనిషికి కాడ వెంట్రుకవాసి వంగినా బతుకు గల్లంతే. అందుకే ఆ గాడి కాడని రెండు కొసల దగ్గర పట్టుకోదు. మధ్యలో, దళసరిగా ఉన్నచోట పట్టుకుంటుంది. ఇంకో తెలివీ ఉంది. తూనికరాయి ఒకటి తప్పిపోతే దాని గుంట ఖాళీగా కనబడుతుంది, లెక్కపెట్టనక్కర్లేదు. ఇప్పుడు విమానాల హ్యాంగర్లలో ఇదే పద్ధతికి వేలకి వేలు పోస్తున్నారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

యూరప్‌లో కూడా ఈ విద్య సన్నపనివాళ్ళ చేతుల్లోనే పెరిగింది. కత్తెరలు, సూదులు, వైద్యుల శస్త్రాలు పెట్టుకునే చిన్న ఒరలు మొదట వచ్చాయి, ఆ తర్వాత పిస్తోళ్ళ పెట్టెలు. పిస్తోళ్ళ పెట్టెల్లో రెండు సంప్రదాయాలు ఉండేవి. ఇంగ్లీషువాళ్ళు పెట్టెని నిటారు చెక్కలతో గదులుగా విడగొట్టి పచ్చ బనాతు అంటించేవాళ్ళు. ఫ్రెంచివాళ్ళు మాత్రం పిస్తోలు ఒంపులు ఎలా ఉంటే అలాగే గుంట తొలిచి మకమల్ పరిచేవాళ్ళు. ఇంగ్లీషు పెట్టెలో రేపు ఇంకో పిస్తోలు పెట్టుకోవచ్చు. ఫ్రెంచి పెట్టె ఆ ఒక్కదానికే. నా దగ్గరికి వచ్చే ప్రతి గిరాకీ తెలియకుండానే ఈ రెంటిలో ఒకటి అడుగుతాడు. కెమెరావాళ్ళు గదులు అడుగుతారు, ఎందుకంటే లెన్సులు మారుస్తుంటారు. సర్వేవాళ్ళు గుంటలు అడుగుతారు.

గడియారాల సంగతి వేరు. జాన్ హారిసన్ సముద్ర గడియారం, ఇప్పుడు హెచ్4 అంటారే, అది 1761 నవంబరులో ఆయన కొడుకు విలియం వెంట డెట్‌ఫర్డ్ అనే ఓడలో జమైకాకి బయల్దేరింది. అంతకుముందు హారిసన్ చేసినవి మోయలేనంత పెద్ద యంత్రాలు. ఇది అరచేతిలో కాస్త పెద్దగా ఆనే గడియారం, దాన్ని పెట్టెలో మెత్త మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. తర్వాతి తరం ఓడ గడియారాలు మెత్తలు వదిలేశాయి. చెక్కపెట్టెలో ఇత్తడి వలయాల మధ్య వేలాడుతూ, ఓడ ఎటు ఒరిగినా అవి మాత్రం నేలకి సమంగా ఉండేవి. పరుపు మీద పెట్టడం ఒక దారి, వేలాడదీయడం ఇంకో దారి. ఈ రెండు దారులూ నేటికీ నడుస్తున్నాయి.

తిరిగి మన నేలకి వద్దాం. లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగిమల దగ్గర మొదటి ఆధార రేఖ కొలిచాడు. కొలిచింది నూరడుగుల ఉక్కు గొలుసుతో. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై కలిపిన గొలుసు. దాన్ని నేల మీద పరచలేదు. ఇరవై అడుగుల పొడవున్న చెక్క తొట్టెలు ఐదు వరసగా ముక్కాలి పీటల మీద నిలబెట్టి, వాటిలో పడుకోబెట్టి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, మీద డేరా గుడ్డ కప్పి కొలిచారు. ఎండ తగిలితే ఉక్కు సాగుతుంది, లెక్క తప్పుతుంది. పరికరాన్ని మోయడానికే కాదు, పని చేయించడానికి కూడా పడక కావాలని చూపించిన సందర్భం అది. ఆ కొలతే ఉత్తరానికి పాకుతూ 1811లో గుత్తికి, 1815లో బీదరు వైపుకి వచ్చింది. 1818 ఆఖరున కొత్త సహాయకుడు జార్జి ఎవరెస్ట్ హైదరాబాదులో లాంబ్టన్‌ని కలిశాడు. మరుసటి ఏడు వానల్లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్ బృందం మొత్తం జ్వరాలతో పడిపోయింది. హైదరాబాదు నుంచి ఏనుగులు, పల్లకీలు పంపి మనుషుల్ని మోయించుకు రావాల్సి వచ్చింది. తేమ, బురద, చెదపురుగు ఉండే అడవిలో చెక్కపెట్టె, గుడ్డ మెత్త ఏ పాటు పడతాయో ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ కథలో నాకు ఇష్టమైన మనిషి లాంబ్టనూ కాదు, ఎవరెస్టూ కాదు. ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. మద్రాసులో ఒక నగల వర్తకుడి దగ్గర పనిచేసినవాడు. అతని పనితనం చూసి కలకత్తా తీసుకెళ్తే, ఎవరెస్టు సర్వే యంత్రాల మరమ్మతుకి అతనే దిక్కయ్యాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన హెన్రీ బారో వెళ్ళిపోయాక ఈస్టిండియా కంపెనీవారి గణిత పరికరాల నిపుణుడి పదవి అతనికే దక్కింది. ఎవరెస్టు అతని తరఫున గట్టిగా మాట్లాడాడు. నగల కొట్టుకీ థియోడలైటుకీ మధ్య ఉన్న దూరం చాలామంది అనుకునేంత పెద్దదేం కాదని నా నమ్మకం. సన్నపని చేసే చేతికి ఏది గట్టి చోటో, ఏది మెత్తటి చోటో వేళ్ళతోనే తెలుస్తుంది.

నాన్న చేతికీ అలాగే తెలిసేది. డెబ్బైల్లో, ఎనభైల్లో పాలిటెక్నిక్‌ల నుంచి, ఇంజనీరింగ్ కాలేజీల నుంచి పెట్టెలు మరమ్మతుకొచ్చేవి. డంపీ లెవెలు, థియోడలైటు, ప్రిస్మాటిక్ దిక్సూచి. కొన్ని కుక్, ట్రౌటన్ అండ్ సిమ్స్ పేరున్న ఇంగ్లండు సరుకు, కొన్ని కలకత్తా నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వి. పెట్టె కొత్తది చేయడం ఒక పూట పని, పడక వేయడం వారం పని. ముందు పరికరాన్ని బల్ల మీద పెట్టి ఊరికే తిప్పి చూస్తూ కూర్చునేవాడు. అమ్మ అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. తర్వాత టేకు దిమ్మలు కోసి, పరికరం ఒంటికి ముగ్గుపిండి రాసి, దిమ్మకి ఆనించి తీసేవాడు. తెల్లగా అంటిన చోట చెక్క ఎక్కువుందన్నమాట, అక్కడ ఉలితో ఒక పొర లేపేవాడు. మళ్ళీ పిండి, మళ్ళీ ఆనించడం, మళ్ళీ ఉలి. ఆనాల్సిన చోటంతా సమంగా తెల్లబడేదాకా ఇదే పని. ఆ పైన సరేసు బంక కాచి బనాతు అంటించేవాడు. సరేసు కాగుతుంటే వచ్చే కంపుకి పక్క కొట్టువాళ్ళు తిట్టేవాళ్ళు.

దిమ్మలు ఎక్కడ ఆనాలో నాన్నకి కచ్చితమైన లెక్క ఉండేది. కింద మట్టం మరల పీట దగ్గర ఒకటి. దుర్భిణీని మోసే రెండు స్తంభాల భుజాల దగ్గర చెరొకటి. దుర్భిణీ గొట్టాన్ని మాత్రం ఏదీ తాకకూడదు. మట్టపు గాజునాళం చుట్టూ వేలు దూరేంత ఖాళీ. మూతలో ఒక దిమ్మ, అది మూత వేసినప్పుడు పరికరాన్ని పైనుంచి కాస్తంత అదిమి పట్టాలి. మూత బలవంతాన మూయాల్సొస్తే పడక తప్పు, మూశాక పెట్టె ఊపితే చప్పుడొస్తే కూడా తప్పే.

అలా చేసిన పెట్టెలో పరికరం ఒక్కలాగే పడుతుంది. తిరగేసి పెడితే మూత పడదు. అందుకే పాత పెట్టెల మూత లోపల ఒక బొమ్మ కాగితం అంటించి ఉండేది. ఏ మర వదులు చేయాలి, దుర్భిణీ ఎటు తిప్పి పెట్టాలి అని అందులో ఉండేది. పెట్టె తెరవగానే పరికరాన్ని పైకి తీసేయకుండా, అది ఎలా కూర్చుందో ముందు బాగా చూసుకోమని సర్వే పాఠ్యపుస్తకాలన్నీ రాస్తాయి. పిల్లలు ఆ వాక్యం పరీక్షకి చదువుతారు, పొలంలో మరిచిపోతారు. సాయంత్రం చీకటి పడుతుంటే మూత పడక తిప్పలు పడతారు. మరమ్మతుకొచ్చే పెట్టెల్లో సగానికి మూత కీళ్ళు ఊడి ఉండటానికి కారణం ఇదే.

బనాతుకి దాని దోషాలు దానికున్నాయి. ఉన్నిలో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. పాత పెట్టెల్లో వెండి గీతల వలయాలు మసిబారడానికి తేమ ఒక్కటే కారణం కాదు. కొన్ని రకాల చెక్కలూ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. ఓక్ చెక్క మరీను, సీసాన్ని తినేస్తుంది. టేకు ఆ విషయంలో మేలు. తోలు, బనాతు రెండూ చెమ్మ పీల్చుకుని, గాజు మీద బూజు పెంచుతాయి. మ్యూజియంవాళ్ళు ఇదంతా పరీక్షలు చేసి రాసుకున్నారు. నాన్న మాత్రం ప్రతి వేసవిలో పెట్టెలు తెరిచి ఎండలో పెట్టమని గిరాకీలకి చెప్పి ఊరుకునేవాడు.

పడకే అక్కర్లేదన్న మేధావి ఒకడున్నాడు. స్విట్జర్లాండ్‌లో హైన్రిక్ వైల్డ్. 1921లో హీర్‌బ్రుగ్‌లో కంపెనీ పెట్టి, ఆ దశకంలోనే టి2 అనే చిన్న థియోడలైటు తెచ్చాడు. దాని పెట్టె గంట ఆకారంలో ఉన్న లోహపు టోపీ. పరికరం అడుగుపీటనే పెట్టె అడుగుకి బిగించేసి, పైన టోపీ బోర్లించి కొక్కేలు వేస్తారు. నిలువునా నిలబడే ఉంటుంది. టోపీ లోపలి గోడ పరికరాన్ని ఎక్కడా ఒత్తదు. పరికరంలో అన్నిటికన్నా గట్టిది అడుగుపీట. దాన్ని పట్టుకున్నాం, మిగతాదాన్ని వదిలేశాం, అంతే. నాన్న మొదటిసారి టి2 పెట్టె విప్పి చూసి, మూత మూసి, మళ్ళీ విప్పి చూశాడు. ఈ ఒక్క పెట్టె చేసినవాణ్ణి మాత్రం గురువుగా ఒప్పుకుంటానన్నాడు.

ఇక ఫోమ్. మనవాళ్ళు అన్నిటినీ కలిపి స్పాంజ్ అంటారు గాని, అవి ఒక జాతివి కావు. 1929లో డన్‌లప్ వాళ్ళు రబ్బరు పాలని గిలక్కొట్టి నురుగు చేసి గట్టిపరచి మొదటి రబ్బరు ఫోమ్ తెచ్చారు. 1933లో ఇంగ్లండులో ఐసీఐ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరి పరీక్షలో అనుకోకుండా పాలిథిలిన్ తేలింది. 1937లో జర్మనీలో లెవర్‌కూసెన్‌లో ఓటో బేయర్ పాలీయురథేన్ (పీయూ) రసాయనం కనిపెట్టాడు. దాని మెత్తటి ఫోమ్ బజారుకి రావడం 1950 దశకంలోనే. పరుపులు, కుర్చీలు, కార్ల సీట్లు అన్నీ దానివైపు తిరిగాయి, పెట్టెలు కూడా వాటి వెనకే. అంతకుముందు యుద్ధకాలంలో గుర్రపు వెంట్రుకలకి రబ్బరు పట్టించిన మెత్తలు వాడారు. మన దేశంలో కొబ్బరిపీచుకి రబ్బరు పాలు పట్టించిన షీట్లు చాలాకాలం నడిచాయి. అవి మంచి సరుకే, ఇప్పటికీ బరువైన మోటార్ల కింద నేను అవే వేస్తాను. దుమ్ము రాలుతుంది, అదొక్కటే లోటు.

అప్పటిదాకా మెత్త ఎంత ఉండాలనేది చేతి అంచనా. దాన్ని లెక్కలోకి దించినవాడు రేమండ్ మిండ్లిన్. 1945లో బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో ప్యాకింగ్ మెత్తల గతిశాస్త్రం మీద ఆయన పెద్ద వ్యాసం రాశాడు. అప్పట్లో గాజు వాల్వులు రవాణాలో పగిలిపోవడం పెద్ద తలనొప్పి. ఆయన చూపిన దారిలో సారం ఇది. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువు 2.5 సెంటీమీటర్ల మెత్తలో ఆగిందనుకోండి, దాని మీద పడే దెబ్బ సగటున దాని బరువుకి సుమారు 30 రెట్లు. ఆగే దూరం రెట్టింపైతే దెబ్బ సగమౌతుంది. అంటే మెత్త చేసే పనల్లా ఆగడానికి దూరం ఇవ్వడమే. అది మరీ మెత్తనైతే వస్తువు పూర్తిగా దిగిపోయి అడుగుచెక్కకి తగులుతుంది, నీళ్ళు తక్కువున్న బావిలో దూకినట్టు. మరీ గట్టిదైతే అసలు దిగదు, దెబ్బ తగ్గదు. రెంటికీ మధ్య ఒక చోటుంది, అది ఆ వస్తువు బరువు ఎంత వైశాల్యం మీద పడుతోందన్న దాన్ని బట్టి మారుతుంది.

మొన్నామధ్య రీసర్వే పనిలో ఉన్న ఒక కుర్రాడు ఉపగ్రహ సంకేతాలతో పొలం హద్దులు కొలిచే రోవరు పట్టుకొచ్చాడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి రోవర్లు, డ్రోన్లు ఊళ్ళకి చేరాయి. అవి ఎక్కువగా తిరిగేది బైకు వెనక సీటు మీద.

“అన్నా, ఉన్నదాంట్లో బాగా మెత్తది వెయ్యి. ఎంత మెత్తగుంటే అంత సేఫ్ కదా?”

“బరువెంత తమ్ముడూ?”

“కిలో పైన ఉంటదన్నా.”

“అయితే నీకు మెత్తది పనికిరాదు. గుంతలో బండి ఎగిరిన ప్రతిసారీ అది దిగి అడుక్కి కొట్టుకుంటది.”

అతనికి 32 డెన్సిటీ పీయూ కాకుండా, లోపలి గాలి గదులు మూసి ఉండే పాలిథిలిన్ ఫోమ్ వేసిచ్చాను. 32 డెన్సిటీ అంటే క్యూబిక్ మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని, అంతే. అది గట్టిదనమూ కాదు, నాణ్యతా కాదు. కొట్లలో డెన్సిటీ అంకె ఒక్కటి చెప్పి అమ్మేస్తారు, కొనేవాళ్ళూ అది పెద్దదైతే మంచిదనుకుంటారు. నేను వరస ఇలా పెట్టుకుంటాను. వస్తువు తేలిక, నాజూకు అయితే పీయూ. బరువైతే పాలిథిలిన్, అదీ సన్న గదులున్న క్రాస్‌లింక్డ్ రకం. పనిముట్లకి, లోహపు ముక్కలకి ఈవీఏ ఫోమ్, దానికి మెత్తదనం తక్కువ, చిరుగు తక్కువ.

ఇందులో వాతావరణం సంగతి ఎవరూ అడగరు. పీయూలో పాలీయెస్టర్ జాతి అని ఒకటుంది, చెమ్మ తగిలితే దాని కూర్పే విడిపోతుంది. మొదట పొడి రాలుతుంది, తర్వాత నల్లటి జిగురవుతుంది. విశాఖ నుంచి, బందరు నుంచి వచ్చే కెమెరా పెట్టెలు తెరిస్తే లెన్సు ఒంటికి ఆ జిగురు పట్టి ఉంటుంది. గీకితే గాజు మీది పూత పోతుంది. పాలీయీథర్ జాతి చెమ్మకి ఓర్చుకుంటుంది గాని వెలుతురుకి పొడిపొడి అయిపోతుంది. పాలిథిలిన్ ఫోమ్‌కి ఈ జబ్బులు చాలా తక్కువ. లండన్ పక్క క్రాయిడన్‌లో జోట్‌ఫోమ్స్ వాళ్ళు నైట్రోజన్ ఎక్కించి చేసే ప్లాస్టజోట్ మ్యూజియంవాళ్ళకి ఇష్టమవడానికి కారణం అదే. అది తనలోంచి దాదాపు ఏమీ వదలదు.

పెట్టె పైపెంకు కథ చిన్నది. 1938లో అమెరికాలో చమురు బావుల వ్యాపారి ఎర్ల్ హాలిబర్టన్ టెక్సస్ దుమ్ముకి తన తోలు పెట్టెలు ఆగక అల్యూమినియం పెట్టె చేయించుకున్నాడు. విమానాల్లో సామాను పంపేవాళ్ళ కోసం ఏటీఏ 300 అనే ప్రమాణం వచ్చింది, అందులో మొదటి తరగతి పెట్టె కనీసం నూరు రానుపోను ప్రయాణాలకి ఆగాలి. 1976లో కాలిఫోర్నియాలో డేవ్ పార్కర్ అనే స్క్యూబా డైవరు తన గ్యారేజీలో పెలికాన్ కంపెనీ మొదలుపెట్టాడు. రబ్బరు చుట్టతో నీరు చొరని మూత, విమానం దిగాక మూత బిగుసుకుపోకుండా గాలిని లోపలికి రానిచ్చే చిన్న బిరడా. మంచి పెట్టె, దానికి వంక పెట్టలేం.

వంక పెట్టాల్సింది దాంతో వచ్చే ఫోమ్‌కి. చిన్న ఘనాలుగా ముందే గాట్లు పెట్టి ఉంటుంది. కత్తి అక్కర్లేదు, వస్తువు ఆకారానికి వేళ్ళతో పీకేయడమే. ఎవరైనా చేసుకోవచ్చు, అదే దాని గొప్ప, అదే దాని దోషం. పీకిన చోట అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి, రెండు వస్తువుల మధ్య ఒక్క వరస మిగిలితే అది నెలలో చిరుగుతుంది. అంతకన్నా పెద్ద తప్పు, ఆ గుంట వస్తువుని అన్ని వైపులా ఒకేలా ఒత్తుతుంది. గట్టి చోటూ మెత్తటి చోటూ అన్న తేడా దానికి లేదు. డ్రోను కింద కెమెరాని మోసే గింబల్ ఉంటుంది చూశారూ, దారాలంత సన్నని తీగలు, చిటికెన వేలంత మోటార్లు. పీకిన ఫోమ్‌లో డ్రోను పెడితే ఫోమ్ ఒత్తేది మొదట దాన్నే. అది తంజావూరు మర, కొత్త రూపంలో. డ్రోను బరువు దాని ఒంటి అడుగున, చేతులు మొదలయ్యే చోట ఆనాలి. గింబల్‌కి తాళపు ముక్క వేసి, చుట్టూ ఖాళీ వదిలేయాలి. కొన్నవాళ్ళకి ఇది చెబితే, ఖాళీ ఉంటే కదులుతుంది కదా అని కంగారు పడతారు. ఒళ్ళు కదలకపోతే గింబల్ ఎక్కడికీ పోదు.

కోతల గురించి రెండు మాటలు. పీయూని పొడవాటి పలచటి కత్తితో, ఒత్తకుండా రంపంలా లాగుతూ కోయాలి. ఒత్తితే పైన సరిగ్గా ఉండి అడుగున గుంట వెడల్పవుతుంది. రొట్టెలు కోసే కరెంటు కత్తి దీనికి దివ్యంగా పనిచేస్తుంది. పాలిథిలిన్‌ని వేడి తీగతో కోయొచ్చు, అంచు నున్నగా వస్తుంది. పీయూని మాత్రం వేడి తీగతో కోయొద్దు. ఆ పొగ విషం, కిటికీ తెరిచినంత మాత్రాన సరిపోదు. మెత్తటి ఫోమ్‌లో గుంటని వస్తువు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నగా కోస్తాను, అదే పట్టు. గట్టి ఫోమ్‌లో సరిసమానంగా కోయాలి. పెట్టె గోడకీ వస్తువుకీ మధ్య కనీసం ఒక అంగుళం, బరువైతే రెండు. వేళ్ళు దూరే గాడి మరవకూడదు, లేకపోతే వస్తువుని దాని నాజూకు భాగం పట్టుకునే పైకి లాగుతారు. ఒకే గుంట వందల పెట్టెలకి కావాలంటే ఉక్కుపట్టీ వంచి డై చేయించి బాలానగర్‌లో ప్రెస్సు మీద కొట్టిస్తాం. నీటిధారతో కోసే యంత్రాలూ వచ్చాయి. అవి గీసిన గీత తప్పవు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం మనమే చెప్పాలి.

చంద్రుడి రాళ్ళు తెచ్చిన పెట్టెలు ఈ విద్యలో చివరి మెట్టని నా లెక్క. 1969 నుంచి అపోలో యాత్రల్లో వాడిన ఆ పెట్టెల్ని ఓక్ రిడ్జ్ కర్మాగారంలో ఒకే అల్యూమినియం దిమ్మని తొలిచి చేశారు. కంసాలి త్రాసు పెట్టె పద్ధతే. మూత అంచుకి మెత్తటి ఇండియం లోహం, దాంట్లోకి దిగే కత్తివాదర. లోపల ఫోమ్ వేయలేదు, గుడ్డ వేయలేదు. శూన్యంలో అవి వాయువులు వదిలి రాళ్ళని పాడు చేస్తాయి. సన్న అల్యూమినియం తీగతో అల్లిన జాలీ పరిచారు. మెత్తదనం కోసం లోహాన్నే అల్లారు. నాన్న ఉండగా ఈ సంగతి నాకు తెలిసుంటే బాగుండేది.

హ్యాంగర్ల మాట బాకీ ఉంది. శంషాబాద్ లాంటి చోట్ల విమానాల మరమ్మతు జరుగుతుంది. అక్కడ ఒక్క స్పానర్ ఇంజన్‌లో మిగిలిపోతే ప్రాణాల మీదికొస్తుంది. అందుకని పనిముట్ల సొరుగుల్లో రెండు రంగుల ఫోమ్ వాడతారు. పైపొర నలుపు, కిందిది పసుపో ఎరుపో. ఏ పనిముట్టు లేకపోయినా దాని ఆకారంలో రంగు మెరుస్తుంది. షిఫ్టు ఆఖరున ఒక్క చూపు చాలు, అంతా ఉందో లేదో తెలుస్తుంది. ఇలాంటి పని నాకు వచ్చినప్పుడు కొలతలకన్నా ముందు ఆ మెకానిక్‌ని ఏ చేత్తో ఏ స్పానర్ తీస్తాడో చేసి చూపించమంటాను.

ఇప్పుడు ఒక విన్నపం. చాలా కాలేజీల సర్వే ల్యాబుల్లో టోటల్ స్టేషన్లనే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాక పాత థియోడలైట్లు మూలపడ్డాయి. ఇత్తడి ధర పలుకుతుందని పరికరాన్ని అమ్మేస్తున్నారు, లేదా అద్దాల బీరువాలో పెట్టి పెట్టెని మాత్రం పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పరికరంతో పాటు పెట్టె కూడా ఉంచండి. ఊడిపోయిన దిమ్మలుంటే చిన్న సంచిలో వేసి అందులోనే పెట్టండి. మూత లోపలి బొమ్మ కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, అది ముందుగా చిరిగిపోయేది. బనాతు పురుగు పట్టి ఉంటే దులిపి ఎండలో పెట్టండి, పీకి పారేయకండి. పెట్టె మరమ్మతు చేయించుకోవాలనుకుంటే సికింద్రాబాద్‌లో ఇంకా చేసేవాళ్ళున్నారు.